మూడో మలుపు రాయి

మంజులకు సైకిలు మీద కొండ ఎక్కడమంటే లెక్కే లేదు. భయమంతా దిగడంతోనే.

మల్లెలకొండ ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మగపిల్లల్ని కూడా వెనక్కి నెట్టి పోయేది. దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర, రోడ్డంచున, సున్నం కొట్టిన పెద్ద రాయి ఒకటుంది. నిరుడు సైకిలు దానికే కొట్టుకుని భుజం ఎముక విరిగింది. ఎముక అతికింది, ధైర్యం మాత్రం అతకలేదు.

ఆదివారం ఆ రోడ్డు మీదే రాష్ట్ర జట్టుకు ఎంపిక పందెం. మలుపులో బ్రేకు పట్టుకుని కూర్చుంటే ఎక్కుడులో సంపాదించిందంతా అక్కడే పోతుంది. ఆ దిగులుతో వారం నుంచి అన్నం సహించడం లేదు, కన్ను మూస్తే ఆ రాయే.

నేర్పే రసూల్ సార్ ఒకప్పుడు పందేలు తొక్కిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు అరిగి స్కూటరు మీద వెంట వస్తున్నాడు. మాట పొదుపు. కన్ను ఎటు పోతే సైకిలు అటు పోతుందని మొదటిరోజే చెప్పి ఊరుకున్నాడు. మంజుల అది బాగా వంటబట్టించుకుంది. రాయిని చూడకూడదు, రాయిని చూడకూడదు అని జపం చేసుకుంటూ దిగేది. అట్లా జపం చేసే మనిషికి రాయి కాక ఇంకేం కనబడుతుంది?

శుక్రవారం పొద్దున కూడా నేరుగా దాని మీదికే పోయి, బారెడు దూరంలో కాలు ఆనించి ఆగింది. ఏడుపు ఆగలేదు. ఆ రాయి ముందు పాత టైర్లయినా పేర్చమని, అవి ఉంటే తగిలినా దెబ్బ తెలియదని సార్‌ను బతిమాలింది.

పందెం నాడు టైర్లు ఎవరు పేరుస్తారని ఆయన అడగలేదు.

"సరే, ఏదో ఒకటి అడ్డం పెడతాలే. నువ్వు పైకి పో" అన్నాడు.

మంజుల పైదాకా వెళ్ళి సైకిలు తిప్పింది. టైర్లున్నాయన్న ధీమాతో రెండు మలుపులు బాగానే దిగింది. మూడో మలుపులోకి వంగి చూస్తే టైర్లు లేవు. రాయి ముందు రసూల్ సార్ కూర్చుని ఉన్నాడు, రోడ్డుకు వీపు పెట్టి.

"సార్, లేవండి సార్!"

ఆయన కదల్లేదు. ఆగడానికి చోటు లేదు. ఇంకొక్క క్షణం ఆ వీపును చూస్తే ఏమవుతుందో మంజులకు తెలుసు. తల బలవంతంగా తిప్పి, మలుపు దాటి రోడ్డు తేలే చోటికి చూపు విసిరింది. సైకిలు దాని వెంటే పోయింది.

చాలా కిందికి పోయాక గానీ ఆగలేకపోయింది. సైకిలు తోసుకుంటూ తిరిగి పైకి వచ్చేసరికి భయమంతా కోపమైంది. సార్ అక్కడే కూర్చుని సీతాఫలం తింటున్నాడు. ఆయన మీద గొంతు పెంచడం ఆమెకు అదే మొదలు.

"రవ్వంత తప్పింటే ప్రాణం పోయేది గదా సార్. మీకు భయం కాలేదా?"

ఆయన గింజలు ఊసి, మిగిలిన సగం పండు ఆమెకిచ్చాడు.

"నేను నీ పక్క చూసింటే గదమ్మా."

మంజుల పండు తిని, చేతులు తుడుచుకుని, సైకిలెక్కి మళ్ళీ కొండపైకి తిప్పింది. సార్‌ను అక్కడినుంచి లేవమని మాత్రం అడగలేదు.