మూడు చోట్ల కారే ఇల్లు

అనగా అనగా, మీ తాతకి తాత కూడా ఇంకా పుట్టని రోజుల్లో, ఒక రాజుగారు పేదోళ్ళకని పది ఇళ్ళు కట్టించారు. అద్దె నెలకి అల్లిన వెదురు తట్ట ఒక్కటి, అంతే. ఇంట్లో ఉన్నవాళ్ళు పోతే, వాళ్ళతో కలిసి ఉన్నవాళ్ళకే ఆ ఇల్లు అని వీధి మొదట్లో రాయి మీద చెక్కించారు.

చివరింట్లో బుట్టలల్లే వీరమ్మవ్వ కాలం చేసింది. దినాలు కాకుండానే ఇద్దరు రాజుగారి దగ్గరికి పరిగెత్తారు.

అవ్వ తమ్ముడి కొడుకు గవరయ్య, అవ్వదీ నాదీ ఒకటే రక్తం కాబట్టి ఇల్లు నాదన్నాడు. రాజుగారికి నిజమే అనిపించింది. పక్కింటి సుంకయ్య, మాకూ అవ్వకీ గోడ ఒకటే, కూర ఒకటే, అంటే కలిసున్నట్టే కదా అన్నాడు. రాజుగారికి అదీ నిజమే అనిపించింది.

"ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగారు.

పోలి అనే ఆమె ఉంది. దిక్కులేని మనిషి. పన్నెండేళ్ళుగా అవ్వతోనే ఉంటూ బుట్టలల్లుతోంది. ఆ ఇల్లు పోతే చెట్టుకిందే. ఆమెని పిలిపించారు.

"అవ్వకి నువ్వేమవుతావే పోలీ? బుట్టవా, తట్టవా?" అన్నాడు గవరయ్య. అందరూ నవ్వారు.

"ఏమవుతానో నాకూ తెలీదు సామీ," అంది పోలి రాజుగారితో. "కూతుర్ని కాదు, కోడల్ని కాదు. ఉన్నాను, అంతే."

రాజుగారికి ఏమీ పాలుపోలేదు. మంత్రి వెళ్ళి రాయిని మూడుసార్లు చదివొచ్చి, అర్థమైనట్టే ఉంది గానీ అర్థం కాలేదన్నాడు. వీధివాళ్ళు తలో మాట చెప్పారు. సరే, ఇల్లే చూద్దామని అందరూ వెళ్ళి లోపల కూర్చున్నారు.

ఇంతలో ఉరిమింది. పోలి లేచింది. మూలన ఒక కుండ పెట్టింది. గడప దగ్గర ఒక మూకుడు పెట్టింది. "కాస్త ఇటు జరగండి సామీ," అని రాజుగారిని జరిపి, ఆయన కూర్చున్నచోట గిన్నె పెట్టింది.

ఇల్లు పోతుంటే గిన్నెలు సర్దుకుంటోందని సుంకయ్య నవ్వాడు.

అప్పుడు వాన పట్టుకుంది. కుండలో టప్. మూకుట్లో టప్. గిన్నెలో టప్.

రాజుగారు పైకి చూశారు, గిన్నెకేసి చూశారు, తర్వాత ఆ ఇద్దరికేసి చూశారు. ఇద్దరూ తలొంచుకున్నారు.

"కారే ఇల్లు ఇచ్చింది నేను," అన్నారు రాజుగారు మెల్లగా. "దాని కింద అవ్వతో కలిసి బతికింది ఈమె. ఇల్లు ఈమెదే."

కప్పు బాగుచేయించారు. మళ్ళీ వానొచ్చినప్పుడు పోలి అలవాటుగా కుండనీ మూకుడినీ గిన్నెనీ పెట్టింది. ఒక్క చుక్కా పడలేదు. ఖాళీగా ఉన్న ఆ మూడింటినీ తీసి పక్కన పెట్టింది. తర్వాత అవ్వ గుర్తొచ్చి ఏడ్చింది.

చూశారా పిల్లలూ, ఎవరు కలిసి తడిశారో, ఇల్లు వాళ్ళదే.