నోరు లేని పడవకి వాటా

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఇసుకలో దొర్లి ఆడుకునే రోజుల్లో, తెల్లరేవు అని ఒక ఊరు ఉండేది. ముందు సముద్రం, వెనక ఇసుక. ఆ ఊరివాళ్ళకి చేపే పంట, చేపే పైకం.

ఆ రేవుని ఏలే రాజు ఒక కట్టడి పెట్టాడు. ఎండాకాలంలో చేప గుడ్లు పెట్టే రెండు నెలలూ ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగకూడదు. పోయినేడు అంతే, ముందటేడు అంతే, వచ్చే ఏడూ అంతే. ఎప్పుడొస్తుందో చంటిపిల్లకి కూడా తెలుసు. అయినా ఆ రెండు నెలలు వచ్చేసరికి, ఇంట్లో దొంగ దూరినట్టు ఊరు ఊరంతా గుండెలు బాదుకునేది. ప్రతి ఏడూ! ఏం చెప్పాలి ఇలాంటివాళ్ళకి?

ఆ ఊళ్ళో వల పని నేర్పే ముసలమ్మ పేరు బంగారమ్మ. ఒక్క ముడి వదులుగా పడితే వలంతా విప్పించేది. ఎవరైనా తన మాట తీసేస్తే, అది ఏ రోజో, ఏ పూటో కూడా గుర్తుపెట్టుకునేది.

ఆ ఏడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు. నూకన్న, ఎల్లాజీ, పైడమ్మ. పైడమ్మకి తల్లీ తండ్రీ లేరు. ఊరివాళ్ళ చిరిగిన వలలు కుట్టి, వాళ్ళు పెట్టింది తిని పెరిగింది.

రాజు ముగ్గురికీ తలా ఒక పడవ ఇచ్చాడు.

"ఏడాది వాడుకోండి. కట్టడి ముగిసి సముద్రం తెరిచిన రోజు పొద్దున్నే ఎవరి పడవ నీళ్ళలో దిగితే, ఆ పడవ వాళ్ళదే. దిగని పడవ నాకు తిరిగొచ్చేయాలి" అన్నాడు.

పైడమ్మ పడవని చేత్తో తడిమింది. ఇది పోతే తనకి మళ్ళీ ఊరివాళ్ళ వలలే గతి.

బంగారమ్మ ముగ్గుర్నీ ఇసుకలో కూర్చోబెట్టింది. "పట్టిన చేపని రోజూ మూడు కుప్పలు పోయండి. ఒకటి ఇవాళ్టి తిండికి. ఒకటి ఎండబెట్టి ఆ రెండు నెలలకి. ఒకటి పడవకి. పడవ కుప్ప అమ్మి, ఆ కాసులు వేరే ముంతలో వెయ్యండి."

నూకన్న పకపకా నవ్వాడు. "పడవ చేపలు తింటుందేటి మామ్మా? దానికి నోరేదీ?"

"నోరు లేదనేరా వాటా పెట్టమనేది! నోరున్నోడు అడిగి పుచ్చుకుంటాడు. అదేం అడుగుతుంది?"

మూడంటే మూడే కుప్పలు. ముప్పై కాదు, మూడొందలు కాదు. అదీ కష్టమే అయింది వీళ్ళకి.

నూకన్న వలలో మొదటి నెలే వంజరం చేపలు విరగబడ్డాయి. మూడు కుప్పలూ వండించి వీధి వీధంతా పిలిచాడు. "రేపు మళ్ళీ చేపలు పడకుండా పోతాయేంటి?" అన్నాడు. రేపూ పడ్డాయి. రేపూ వండాడు.

ఎల్లాజీ కొన్నాళ్ళు బుద్ధిగానే ఉన్నాడు. అంతలో పట్టు తలపాగా చుట్టుకుని ఒక వర్తకుడు దిగాడు. "బాబూ, తినగా మిగిలిన రెండు కుప్పలూ రోజూ నాకియ్యి. సముద్రం మూసేలోగా నాలుగు కుప్పల డబ్బు నీ చేతిలో పెడతాను" అన్నాడు. ఎల్లాజీ ఇచ్చేశాడు. నీ ఊరేది, నీ పేరేది అని కూడా అడగలేదు మహానుభావుడు. సముద్రం మూశారు. తలపాగా మళ్ళీ కనపడలేదు.

పైడమ్మ మాత్రం తక్కువదా? అమ్మవారి తీర్థానికెళ్ళి, జాతర అంగట్లో ఎర్రగాజులు చూసి పడవ ముంతలో చెయ్యి పెట్టింది. గాజులు తొడుక్కుని గలగలమంటూ వస్తుంటే బంగారమ్మ ఆపింది.

"ఎవరి డబ్బే అది?"

"పడవది మామ్మా."

"అయితే తీసి పడవకి తొడుగు."

పైడమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పదిహేను రోజులు తన తిండి కుప్పలోంచి సగం అమ్మి, గంజి తాగి, తీసింది తీసినట్టు ముంతలో వేసింది. గాజులు మాత్రం తియ్యలేదు.

కట్టడి ఇంకో వారంలో ముగుస్తుందనగా పెద్ద గాలివాన వచ్చింది. ఒడ్డున ఉన్న పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ముగ్గురి పడవలకీ పలకలు విడిపోయాయి. గాలికి తెలివైనవాళ్ళు ఎవరో తెలుస్తుందా? సందుల్లో కొబ్బరిపీచు కుక్కాలి, గుగ్గిలం పూయాలి, వడ్రంగికి కూలి ఇవ్వాలి.

పైడమ్మ ముంత బోర్లించింది. సరిగ్గా ఒక్క పడవకి సరిపడా కాసులు రాలాయి.

నూకన్న పరుగెత్తుకొచ్చాడు. "పైడీ, ఆ కాసులు నాకియ్యవే. నా పడవ పోతాది!"

"ఆకలైతే చెప్పు, నా ఎండుచేపలోంచి పెడతాను. ఈ ముంత నాది కాదు నూకన్నా, పడవది. దాన్నే అడుగు."

"దానికి నోరు లేదు కదే!"

"లేదు. అందుకే సరేనని నీతో అనలేదు."

సముద్రం తెరిచిన రోజు పొద్దున్నే పైడమ్మ పడవ అలల మీద లేచింది. మిగతా రెండు పడవలనీ రాజభటులు లాక్కుపోయారు.

మరి ఆ ఇద్దరూ? పైడమ్మ పడవలోనే కూలికి ఎక్కారు. సాయంత్రం ఒడ్డుకి రాగానే, ఎవరూ చెప్పకుండానే నూకన్న చేపల్ని మూడు కుప్పలు పోశాడు. పడవ కుప్ప ముందు పోశాడు.

బంగారమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "పోయినేడు, మంగళవారం, పొద్దుటి పూట. పకపకా నవ్వావు. ఏదీ, ఇప్పుడు నవ్వరా!"

నూకన్న గబగబా పడవ కుప్పని బుట్టకెత్తాడు. ఎల్లాజీ నవ్వబోయి, తలపాగా గుర్తొచ్చి మానేశాడు.

పిల్లలూ, ఒక్కసారే చెబుతాను, చెవిన పెట్టండి: చేతికొచ్చిందంతా ఇవాళ్టిది కాదు, నోరు తెరిచి అడగలేని రేపటికి దాని వాటా ముందే తీసిపెట్టినవాళ్ళ పడవే నీళ్ళలో దిగుతుంది.