నోరు విప్పని దుబాసీ

వెనకటికి కోనవరమనే చిన్న సంస్థానం ఒకటి ఉండేది. దాన్ని ఏలే రాజా జగ్గభూపతికి తనను మించినవాడు లేడని గట్టి నమ్మకం.

ఒకనాడు ఒక దొర దర్బారుకు వచ్చాడు. రాజుగారిని చూసి తల పంకించి ఊరుకున్నాడు. మాటలు తర్జుమా చేసే దుబాసీ పెరుమాళ్ళుతో మాత్రం అరగంటసేపు పకపకా నవ్వుతూ ఇంగ్లీషులో మాట్లాడాడు.

అంతే, రాజుగారి కడుపు రగిలిపోయింది. భోజనం సహించలేదు. ఊళ్ళోని పాదిరీని అడిగి ఒక కఠినమైన ఇంగ్లీషు మాట పట్టుకొచ్చారు.

"ఏమోయ్ దుబాసీ! షాంబుల్స్ అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడ పుట్టింది? రేపు సభలో చెప్పాలి. కానీ నోరు విప్పకూడదు. చెప్పలేకపోతే నీ కొలువు మా బావమరిదికి!"

పెరుమాళ్ళుకు మాట తెలుసు. నోరు మెదపకుండా చెప్పడమెలా?

మర్నాడు సభ మధ్య ఒక పొట్టి బల్ల వేయించి, దానిమీద కాగితం అంటించాడు. "ఈ సభలో అందరికంటే గొప్పవారికి" అని ఉంది అందులో.

ఆస్థాన పండితుడు గబగబా వచ్చి కూర్చున్నాడు. సేనాపతి ఒళ్ళు మండి ఆయన్ని పక్కకు నెట్టాడు. దివాను సేనాపతి తలపాగా లాగాడు. బావమరిది అందరి మీదా పడ్డాడు.

"నేనుండగా మీరెవరురా?" అంటూ రాజుగారే సింహాసనం దిగి దూకారు. బల్ల విరిగింది. అందరూ కుప్పగా కూలారు.

రాజుగారు రొప్పుతూ, "ఏమిటయ్యా ఇది? నోరు విప్పి చెప్పు!" అని అరిచారు.

"షాంబుల్స్ మహాప్రభో! పూర్వం ఇంగ్లీషువాళ్ళు బల్లనే అలా పిలిచేవారు. తర్వాత మాంసం అమ్మే బల్లకు ఆ పేరొచ్చింది. ఆపైన పశువుల్ని కోసే చోటుకు, చివరికి చిందరవందరైన ఏ చోటుకైనా అదే పేరు స్థిరపడింది. మాట పుట్టుక తమ కింద ఉంది. అర్థం తమ చుట్టూ ఉంది."

"మరి ఆ బల్ల ఎవరికోసం వేశావు?"

"ఎవరికోసమూ కాదు ప్రభూ. సింహాసనం ఉన్నవారు కూడా దానికోసం దిగివస్తారని మాత్రం అనుకోలేదు."

రాజుగారి ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు సిగ్గుగా మారింది. అంతలో కడుపు పట్టుకుని నవ్వారు.

తన శాలువా తీసి దుబాసీకి కప్పి, "రేపటి నుంచి నాకు ఇంగ్లీషు నేర్పు. ఈసారి దొరతో నేనే మాట్లాడతాను" అన్నారు.

"అప్పుడు నా కొలువో ప్రభూ?"

"నేను మాట్లాడాక సర్దిచెప్పడానికి ఒకడు ఉండొద్దటయ్యా!"