తొమ్మిదో స్థలం

చిదంబరం మాస్టారికి ఒక చెడ్డ అలవాటుంది. ఏ మాటకైనా అర్థం అడిగితే ఆయన నోటితో చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ముప్పయ్యేళ్ళుగా యూనివర్సిటీలో ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళంతా ఆ చెప్పుల చప్పుడుకి హడలిపోయినవాళ్ళే. అడిగిన పాపానికి ఒకణ్ణి సంతంతా తిప్పారు, ఇంకొకణ్ణి కుమ్మరి ఆవం దగ్గర పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు.

ఈ సంగతి తెలిసీ వారిజ అడిగింది.

శుక్రవారం ఉదయం. నూకలపేట జాలరులు చేపలు పట్టే చోట్ల మీద ఐదేళ్ళు కష్టపడి రాసిన సిద్ధాంత గ్రంథం బైండు చేయించి తెచ్చింది. మాస్టారు సంతకం పెడితే సోమవారంలోగా ఆఫీసులో ఇచ్చెయ్యడమే. సోమవారం దాటిందా, గడువూ పోతుంది, చేతికి అందబోతున్న ఉద్యోగమూ పోతుంది. పెన్ను మూత తీసి ఆయన చేతికిస్తూ, మాటవరసకి అడిగింది.

"చివర్లో 'రిఫరెన్స్' అన్న మాట అలాగే ఉంచేశాను సార్. నాలుగు నిఘంటువులు చూస్తే నాలుగు రకాలుగా ఉంది. ఒకదాంట్లో ఆధారం, ఒకదాంట్లో ఉటంకింపు, ఒకదాంట్లో సూచన, ఇంకోదాంట్లో ప్రస్తావన. అసలు ఆ మాటకి అర్థం ఏది?"

మాస్టారు ఆఖరి పేజీలు తిప్పి చూశారు. నూటపన్నెండు పుస్తకాల జాబితా. పెన్నుకి మళ్ళీ మూత పెట్టేసి, బల్ల కింద చెప్పుల కోసం కాళ్ళతో వెతికారు. "అయిపోయానురా దేవుడా" అనుకుంది వారిజ.

బస్సులో గంట ప్రయాణం. నూకలపేట ఒడ్డున ఎల్లాజీ వల బాగుచేసుకుంటున్నాడు. వారిజకి సముద్రం నేర్పినవాడు అతనే. ఏ కొండ ఏ తాటితోపుకి సూటిగా వస్తే నీళ్ళ అడుగున ఏ బండ ఉంటుందో, ఏ బండ దగ్గర ఏ చేప తిరుగుతుందో మూడేళ్ళు తన పడవలో తిప్పి చూపించాడు. కూలి అడగలేదు సరికదా, ఎదురు తనే చేపల పులుసుతో అన్నం పెట్టించి మరీ పంపేవాడు.

"వారిజ పుస్తకం అయిపోయిందోయ్ ఎల్లాజీ! ఆ బండల పేర్లు ఇంకొక్కసారి చెప్పు, సరిచూసుకుందాం" అన్నారు మాస్టారు.

ఎల్లాజీ సంబరం చూడాలి! వల పక్కకి తోసేసి వేళ్ళు మడవడం మొదలెట్టాడు. పోలయ్య బండ. ఎర్రమ్మ బండ, మొగుడు వద్దన్నకొద్దీ అతని పడవెక్కిన మొండిఘటం ఆవిడ. అప్పన్న బండ. నూకలపేటలో బండని ఎవరు కనిపెడితే దానికి వాళ్ళ పేరే. ఆ పేరు పైకి పలకందే అక్కడ వల దించరు. పలకనివాడితో మళ్ళీ ఎవరూ పడవెక్కరు.

వారిజ వెంట తెచ్చిన గ్రంథాన్ని ఒళ్ళోకి లాక్కుంది. గ్రంథంలో ఆ పేర్లు లేవు. ఏదో సెమినార్లో ఒక పెద్దమనిషి "పురాణంలాగా ఈ పేర్లేమిటమ్మా, నంబర్లు వేసెయ్" అన్నాడని, ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు వేసేసింది. అప్పుడు అదే ఎంతో పద్ధతిగా ఉందనిపించింది కూడా.

"దాసు బండ" అని ఆగాడు ఎల్లాజీ. "మాయన్న. పదిహేడేళ్ళయిపోనాది. ఏటకెల్లినోడు మరి రానేదు. పోటో నేదు, సమాధి కట్టుకుందామంటే మనిసే దొరకనేదు. ఆ బండకున్న పేరే మిగిలింది ఆడికి." వారిజ ఒళ్ళోని గ్రంథం వంక చూశాడు. "ఇందల ఉన్నాడామ్మా మాయన్న?"

లేడని ఏ నోటితో చెబుతుంది?

"ఉన్నాడు బాబాయ్."

"ఓపాలి సదువమ్మా."

పేజీ తీసింది. 'తొమ్మిదో స్థలం. లోతు పద్దెనిమిది బారలు' అని ఉంది. కళ్ళు ఆ అక్షరాల మీదే ఉంచి చదివింది. "దాసు బండ. దీన్ని కనిపెట్టినవాడు నూకలపేట దాసు. నాకు చూపించినవాడు అతని తమ్ముడు ఎల్లాజీ. లోతు పద్దెనిమిది బారలు."

ఎల్లాజీ చెయ్యి పంచెకి తుడుచుకున్నాడు. నిద్రపోయే పసివాడి వీపు మీద వేసినట్టు అరచెయ్యి ఆ పేజీ మీద వేసి, కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఒక్క ఉదుటున లేచి, "మాయమ్మకి సెప్పొత్తానుండండి" అంటూ ఇసకలో పరుగుతీశాడు. కాసేపటికి గుడిసెల్లోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఇక్కడ వారిజ మాత్రం ఏడుస్తోంది. "లేనిది చదివాను సార్. నన్ను నమ్మేశాడు."

మాస్టారు కోప్పడలేదు. జేబురుమాలు తీసి ఇచ్చారు. అది చాలక ఉత్తరీయం కొస కూడా ఇచ్చారు. ఆయనకి ఈ పిల్లంటే ప్రాణం, ఆ మాట ఆమెకి తప్ప యూనివర్సిటీలో అందరికీ తెలుసు. ఆమె స్తిమితపడ్డాక జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, గ్రంథంలో ఆ పేజీ తెరిచి, దాని పక్కన ఆమెకి అందేలా పెట్టారు.

"సోమవారానికి ఇంకా మూడు రోజులుంది. సంతకానికేం, పెడతాను" అన్నారు. "అతను చెయ్యి వేసిన పేజీ నాకూ ఒకసారి చదివి వినిపించమ్మా. ఇందాక చదివినట్టే."