ముందు లేచిన ఎలుగుబంటి

అనగనగా ఒక అడవి ఉండేది. వేటగాళ్లు ఉచ్చులు పన్ని పన్ని దాన్ని సగం ఖాళీ చేశారు. మిగిలిన జంతువులు బతికాయి కానీ, వాటి మనసులు బాగాలేవు. ఒకటి నిద్రపోదు. ఒకటి మేత ముట్టదు. ఒకటి ఊరికే ఏడుస్తుంది.

అలాంటివన్నీ నీలక్క గుహకు వచ్చేవి. నీలక్క ఒక ముసలి ఎలుగుబంటి. ఆమె దగ్గర వేరూ లేదు, పసరూ లేదు. వచ్చినవాళ్ల వీపుకు తన వీపు ఆనించి కూర్చునేది, అంతే. మొహంలో మొహం పెట్టి చూస్తుంటే బాధ చెప్పుకోలేం కదా పిల్లలూ, అందుకని. మాట్లాడితే వినేది. మాట్లాడకపోతే ఊరుకునేది. ఈ పని నేర్పిన వాళ్లమ్మ ఒకే ఒక్క నియమం పెట్టింది. "ముందు లేవాల్సింది వచ్చినవాళ్లు. నువ్వు కాదు."

మొదట ఒక కుందేలు వచ్చింది. ఉచ్చులోంచి తప్పించుకున్నప్పటి నుంచీ ఆకు రాలినా ఎగిరిపడేది. నెల రోజులు కూర్చుని బాగుపడింది. పోతూ పోతూ ఒక్క మంచి మాటైనా అనలేదు.

తర్వాత తోడేలు వచ్చింది. జోడు పోయిన కోపంలో ఒకరోజు వెనక్కి తిరిగి నీలక్క భుజం కొరికేసింది. అయినా నీలక్క లేవలేదు. అదీ బాగుపడింది. అదీ చెప్పకుండానే పోయింది.

ఆ తర్వాత ఒక దుప్పి వచ్చింది. దాని పిల్ల ఉచ్చులో పడి చనిపోయింది.

"పిల్లను వదిలేసి నేను పరిగెత్తానక్కా," అనేది. రోజూ అదే మాట. ఇరవై రోజులు అదే మాట.

ఒకనాడు నీలక్క నీళ్లకని ఏటికి వెళ్లింది. ఎదురుగా కుందేలు గెంతుకుంటూ వస్తోంది. నీలక్కను చూసి, చూడనట్టే పొదలోకి తప్పుకుంది. ఒడ్డున నక్క పకపకా నవ్వింది.

"ఏరు దాటి తెప్ప తగలేశారు నీలక్కా! అడవి ఏడుపంతా నీ వీపు మీదే. నీకేం మిగిలింది?"

నీలక్కకు ఒళ్లు మండిపోయింది. మానిన భుజం కూడా మళ్లీ నొప్పెట్టింది. ఆ సాయంత్రం దుప్పి వచ్చి కూర్చుంది. "నేను పరిగెత్తానక్కా," అంది.

"ఎన్నిసార్లు చెప్తావే! విన్నాగా. ఇక రేపు రా," అని నీలక్క లేచి నిలబడింది.

తర్వాత దుప్పీ లేచింది. "సరే అక్కా. అలిసిపోయినట్టున్నావు, పడుకో," అని వెళ్లింది.

మర్నాడు రాలేదు. పొద్దున్నే మంద మీదికి పులి వచ్చిందట. అన్నీ పరిగెత్తాయి. ఆ దుప్పి ఒక్కటే పరిగెత్తకుండా నిలబడిందట.

నీలక్క గుహకు బండ అడ్డం పెట్టుకుంది. ఎవరు పిలిచినా పలకలేదు. మూడో నాడు కుందేలు వచ్చి బండ అవతల నిలబడింది.

"నిన్ను చూస్తే ఆ ఉచ్చు రోజులు గుర్తొస్తాయి అక్కా. అందుకే తప్పుకుపోయా. విశ్వాసం లేక కాదు," అంది. "నక్క అన్నది పొదలోంచి విన్నాను. ఈ మాట ఆ రోజే నీకు చెప్పి ఉంటే..."

"నువ్వు చెప్పినా చెప్పకపోయినా, లేవకూడనిది నేను," అంది నీలక్క.

"నువ్వు కూర్చున్నా దుప్పి బతికేదో లేదో, ఎవరికి తెలుసు?"

"తెలీదు. అదే నన్ను తినేస్తోంది."

కుందేలు మెల్లగా అంది. "దుప్పి చెల్లెలు ఇక్కడే ఉందక్కా. నాతోపాటు వచ్చింది."

చాలాసేపటికి బండ జరిగింది. చెల్లెలు దుప్పి లోపలికి వచ్చి, వీపు ఆనించి కూర్చుంది.

"అక్కను వదిలేసి నేను పరిగెత్తాను," అంది.

నీలక్కకు పారిపోవాలనిపించింది. లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కినా లేవలేదు. ఎన్నో రోజులు ఆ ఒక్క మాటే విన్నది. విన్నప్పుడల్లా చచ్చిపోయిన దుప్పి గొంతే వినిపించేది.

వానలు వెలిసిన ఒక ఉదయం, చెల్లెలు దుప్పి తనంతట తానే లేచి, వెనక్కి చూడకుండా మేతకు వెళ్లిపోయింది. ఒక్క మాటైనా అనలేదు.

నీలక్క వీపు మీద దాని వెచ్చదనం ఇంకా ఉంది.

"చల్లగా ఉండు తల్లీ," అంది నీలక్క. "నన్ను మళ్లీ కూర్చోనిచ్చావు. మీ అక్కకే ఈ మాట చెప్పలేకపోయాను."

నీతి: బాధలో ఉన్నవాళ్లు నమ్మి మన పక్కన కూర్చోవడమే వాళ్లు మనకు చేసే మేలు. ఆపైన మెప్పు కోసం ఎదురుచూసి లేచిపోతే, మనం తిరిగొచ్చి కూర్చున్నా వాళ్ల చోటు ఖాళీగానే ఉంటుంది.