పొద్దుటి గడ్డి, సందె గడ్డి

అనగనగా ఒక గెడ్డ. ఆ గెడ్డ ఒడ్డున ఒక ఊరు. గెడ్డంటే కొండ మీంచి జారి వచ్చే చిన్న ఏరు, బంగారూ. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు.

ఆ ఊరికి నూకాలు అని ఒక కొత్త కోడలు కాపురానికి వచ్చింది. ఒక్కతే రాలేదు, చుక్కమ్మని తోలుకుని వచ్చింది. చుక్కమ్మ అంటే గేదె. నుదుట తెల్లచుక్క. దాని వెనకాల గెంతులేస్తూ దూడ. ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు పుట్టింటివాళ్ళు పాడిగేదెని వెంట పంపడం అప్పట్లో ఒక ముచ్చట. అరణం అనేవాళ్ళు. నూకాలు పుట్టినింట్లో ఉన్నవి రెండే గేదెలు. అందులో మంచిదాన్నే వాళ్ళమ్మ పంపింది.

నూకాలు అత్తగారు అప్పలకొండమ్మ. మాట పెళుసు గానీ మనసు చెడ్డది కాదు. ఆవిడకి ఒక్కటే గొప్ప. ఊళ్ళో అందరికన్నా ముందు లేస్తుంది. కోడి కూసేసరికి కొడవలి పట్టుకుని గెడ్డ గట్టు మీద ఉంటుంది. తెల్లారేసరికి మంచు ఓడుతున్న పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వీధిలో నడుస్తూ, "ఈ ఊళ్ళో మనుషులున్నారా, మంచాలే ఉన్నాయా?" అని అందరికీ వినపడేలా అనేది.

కోడలిని కూడా మొదటి రోజే లేపింది. అప్పుడు అడిగింది.

"మీ ఇంట గడ్డి ఎప్పుడు కోసేవారే?"

"సందేళ, అత్తా."

"సందేళా! ఓలమ్మ, పొద్దు గూకేదాకా మీ యమ్మకి గేదె గుర్తు రాదేటి? బద్ధకమంటే మీదే."

నూకాలు కొడవలి అందుకుంది. వాళ్ళమ్మ పగలంతా ఎవరి చేలోనో కలుపు తీసేది. సందేళ ఇంటికి వస్తూ వస్తూ, దారిలో గట్టు మీద నాలుగు పిడికిళ్ళ గడ్డి కోసుకొచ్చేది. బద్ధకమూ కాదు, ఏమీ కాదు. కాపురానికి వచ్చిన మొదటి రోజే అత్తగారికి ఆ మాట ఎలా చెబుతుంది?

ఆ తర్వాత చూడు, చుక్కమ్మకి ఆ గడ్డి సయించలేదు. వాసన చూసేది, నాలుగు పరకలు నమిలేది, మూతి తిప్పుకునేది. పాలు తగ్గిపోయాయి. పొదుగు దగ్గర దూడ కుమ్మి కుమ్మి అరిచేది. వారం తిరిగేసరికి దూడకి పక్కటెముకలు తేలాయి.

"మా గెడ్డ గడ్డికి ఎప్పుడూ పాలు పలచనే. అయినా మరీ ఇంతా?" అంది అప్పలకొండమ్మ. "మీ యమ్మ ఒట్టిపోయే గేదెని మాకు అంటగట్టింది. దూడ నా దొడ్లో చస్తే ఆ ఉసురు నాకెందుకు? ఆదివారం మీ తమ్ముణ్ణి వచ్చి తోలుకుపొమ్మని కబురు పెట్టాను."

నూకాలు వెళ్ళి చుక్కమ్మ మెడ పట్టుకుంది. అరణం గేదె వెనక్కి వెళ్ళిందంటే రెండు ఊళ్ళలోనూ వాళ్ళమ్మ తలెత్తుకోలేదు. పైగా ఆ ఇంట్లో నూకాలుకి పుట్టింటివాళ్ళంటూ ఉన్నది చుక్కమ్మ ఒక్కతే.

అప్పుడు ఏం చేసింది? గట్టు మార్చి, అవతలి ఒడ్డున గడ్డి కోసింది. చుక్కమ్మ తినలేదు. ఆ తర్వాత తవుడులో ఉప్పు కలిపి గడ్డి మీద చల్లింది. తవుడు నాకి గడ్డి వదిలేసింది. ఆ తర్వాత వాళ్ళమ్మ పాలు పితికేటప్పుడు అనే మాటలన్నీ దాని చెవిలో అంది. చుక్కమ్మ చెవులాడించింది గానీ పొదుగులోకి పాలు చేపలేదు.

గురువారం సాయంత్రం అప్పలకొండమ్మ పక్క ఊళ్ళో ఉన్న కూతురిని చూడ్డానికి వెళ్ళింది. శుక్రవారం తెల్లవారుజామున లేపే మనిషి లేదు. దిగులుతో ఎప్పటికో కన్నంటిన నూకాలు లేచేసరికి ఎండ ఇంటి కప్పు మీదికి వచ్చేసింది. ఇంటి పని తెమిలి కొడవలి పట్టేసరికి సందె అయిపోయింది.

గట్టు మీద కూర్చుని అలవాటుగా ఒక పరక నోట్లో పెట్టుకుంది. నమిలింది. తియ్యగా ఉంది, బంగారూ! వాళ్ళమ్మ వెనకాల నడుస్తూ చిన్నప్పుడు నమిలిన గడ్డిలాగే ఉంది. ఆ తీపికి పుట్టిల్లు గుర్తొచ్చి కళ్ళు నిండిపోయాయి.

చుక్కమ్మ ఆ మోపంతా తినేసింది. తిని, ఇంకా ఏదంటూ చూసింది. తెల్లారి చెంబులో నురగ లేచింది. దూడ కడుపు నిండా తాగి తల్లి కాళ్ళ దగ్గర పడుకుంది.

శనివారం అత్తగారు వచ్చింది. కోడలు చెప్పిందంతా విని నవ్వింది.

"తమ్ముడొస్తున్నాడని గేదెకి తెలిసిపోయుంటుంది. పొద్దుటి గడ్డి పచ్చన, తడి. సందె గడ్డి ఎండకి వాడింది. ఏది మంచిదో చంటిపిల్లని అడిగినా చెబుతుంది."

"చంటిపిల్ల ఎందుకత్తా, చుక్కమ్మనే అడుగుదాం," అంది నూకాలు. అత్తగారికి ఎదురు చెప్పడం అదే మొదలు.

సరే అనుకున్నారు. శనివారం సందేళ నూకాలు ఒక మోపు కోసింది. ఆదివారం కోడి కూయగానే, అదే గట్టు మీద, అదే గడ్డి, అప్పలకొండమ్మ తన చేత్తో ఒక మోపు కోసింది. అప్పటికే తమ్ముడు పైడిరాజు భుజాన పలుపుతాడు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

రెండు మోపులూ విప్పి ముందర వేశారు. పచ్చగా నిగనిగలాడేది కుడివైపు. రాత్రంతా ఉండి వడిలిపోయింది ఎడమవైపు. చుక్కమ్మ పచ్చదాన్ని వాసన చూసి, వడిలినదాంట్లో మూతి పెట్టింది.

"దానికి ఎడంవైపు అలవాటేమో," అని అత్తగారు కుప్పలు అటూ ఇటూ మార్చింది. చుక్కమ్మా మారింది. రెండోసారి మార్చింది. మళ్ళీ మారింది. మూడోసారి మార్చబోతే కొమ్ము విసిరింది!

అప్పుడు అప్పలకొండమ్మ కింద కూర్చుంది. అందులోంచి ఒక పరక, ఇందులోంచి ఒక పరక తీసి నమిలింది.

"ఇది తీపి. ఇది చప్పన. ఒక్క గట్టుదే కదే? తెల్లారేసరికి తీపి ఏటయిపోయింది?"

"రాత్రి తినేసింది అత్తా."

"ఎవరు?"

"గడ్డే. దాని కూడు దానిదే. సందేళే కోసేస్తే వాడిపోయి, రాత్రి తినడానికి దానికి ఓపిక ఉండదు."

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి కదా, బంగారూ. మీ అమ్మ పాఠాల పుస్తకం కూడబలుక్కుని చదివితే అందులోనూ ఈ మాటే ఉంది. పగలు ఎండలో ఆకు వండుకుంటుందట. తినగా మిగిలినదాన్ని పిండి చేసి దాచుకుంటుందట. ఇంత పలచటి ఆకులో పిండికుండ ఎక్కడ పెట్టిందే అని మీ అమ్మని అడిగితే నవ్వింది. నాకు మాత్రం ఇప్పటికీ వింతే. రాత్రికి ఎండ ఉండదు, పొయ్యి వెలగదు. అప్పుడు ఆ పిండే తింటుంది, కొంచెం కొంచెంగా. సూర్యుడు మళ్ళీ వచ్చేసరికి కుండ అడుగంటుతుంది. ముందే అయిపోదు, బోలెడు మిగిలిపోదు.

అత్తగారికి ఇంకో అనుమానం వచ్చింది. "మరి మొన్న ముసురు పట్టి మధ్యాహ్నమే చీకటి పడింది కదే. అంత పెద్ద రాత్రికి ఏం సరిపోతుంది? నడిరాత్రికే ఆకలితో వాలిపోవాలి కదా? మర్నాడు ఒక్క పరకా వాలలేదు, నేను చూశాను."

"ముద్ద చిన్నది చేసుకుంటుందేమో అత్తా," అంది నూకాలు. "గంజి తక్కువున్న రోజు మా యమ్మ అలాగే చేసేది. ఎంతుందో చూసేది, తెల్లారడానికి ఎంతసేపుందో చూసేది. అందరికీ చిన్న గరిటెతో పోసేది. అయినా తెల్లారేదాకా ఎవరం ఆకలని లేవలేదు."

అప్పలకొండమ్మ కొడవలి పక్కన పెట్టేసింది.

"నలభై ఏళ్ళు, నూకాలూ. నలభై ఏళ్ళు ఊరందరినీ తిట్టుకుంటూ, గడ్డి తిని ఊడ్చేసిన కుండల్నే నెత్తిన మోసుకొచ్చాను. నా దొడ్లో ఎన్ని పశువులు పలచటి పాలిచ్చి పోయాయో. పాపం, వాటి రాతనుకున్నాను."

చుక్కమ్మ తన పాటికి వడిలిన గడ్డి నములుతోంది.

పైడిరాజు మెల్లిగా అడిగాడు. "అయితే అత్తా, నన్ను గేదెని తోలుకుపొమ్మంటావా, వద్దంటావా?"

"దేన్ని తోలుకుపోతావురా? కాళ్ళు కడుక్కుని అన్నానికి రా. వెళ్ళాక మీ యమ్మతో చెప్పు. ఆవిడది బద్ధకం కాదని అప్పలకొండమ్మ అందని, నా మాటగానే చెప్పు. వచ్చే ఆదివారం వచ్చి, కూతురు తోడేసిన పెరుగు తినమను."

నూకాలు దూడని ముద్దు చేస్తున్నట్టు మొహం దాని మెడలో దాచుకుంది.

ఆ మర్నాడు కోడి కూసింది. అప్పలకొండమ్మకి అలవాటు పోతుందా? లేచి కూర్చుంది. చెయ్యి చూరులో కొడవలి కోసం వెతికింది. అప్పుడు ఆగిపోయింది. కిటికీలోంచి గెడ్డ వైపు చూసింది. ఇంకా మసక చీకటే.

"గడ్డి ఆఖరి ముద్ద మీద ఉంటుంది. తిననీ పాపం," అనుకుని, దుప్పటి మళ్ళీ మొహం మీదికి లాక్కుంది. నలభై ఏళ్ళలో మొదటిసారి.

పాలు దూడకి, పెరుగు చట్టికి,
పొద్దు కొండకి, పిండి గడ్డికి,
కథేమో కంచికి, నా తల్లేమో కునుక్కి.