ఎక్కడికని అడగని ఇంట్లో కరెంటు కారు

పడుకున్నారా? అటొకరు, ఇటొకరు. కాళ్ళు మాత్రం నా మీద వెయ్యకండి, నా మోకాళ్ళు నావి కావు ఇవాళ. ఏడుగురు రాజకుమారుల కథ వద్దులే. మీ నాన్న నాలుగు నెలల్నుంచీ అన్నం ముందు కూచుని, కరెంటు కారు కొందామా వద్దా, కొందామా వద్దా అని మీ అమ్మ ప్రాణం తీస్తున్నాడు గదా, ఆ కారు కథ చెప్తా. ఊ కొట్టాలి. ఊ ఆగిందా, నేనూ ఆగిపోతా.

అనగనగనగా, రాజులంతా పోయి, వాళ్ళ కోటల్లో గబ్బిలాలు చేరి, ఊరూరా కరెంటు స్తంభాలు వచ్చేశాక, పాలకాయలపాడని ఒక ఊరు. ఏం నవ్వుతావే అమ్ములూ, తినే పాలకాయలు కావు, ఊరి పేరే అంత. ఆ ఊళ్ళో రాజు లేడు గానీ రాజ్యం ఉంది. అంటే ఒక కోడలి పేరు రాజ్యం. లెక్కల పంతులమ్మ. డీయస్సీ రెండుసార్లు తప్పి, మూడోసారి రాసి తెచ్చుకున్న ఉద్యోగం ఆమెది. మొగుడికి ఓడరేవులో పని, పక్షానికోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో ఉండేది రాజ్యం, అత్తగారు సీతారావమ్మ, మామగారు పానకాలయ్య.

ఈ పానకాలయ్య మంచివాడే. కానీ ఒక పట్టింపు. ఆయన గడప దాటుతుంటే ఎవరూ ఎక్కడికని అడక్కూడదు. అడిగితే అపశకునం. మన ఇళ్ళల్లోనూ అడగం, అది వేరే సంగతి, కానీ ఆయనది మరీ విడ్డూరం. ఎవరైనా నోరుజారి అడిగారో, చెప్పులు విప్పేవాడు, కాళ్ళు కడుక్కునేవాడు, మంచినీళ్ళు తాగేవాడు, అరుగు మీద అరగంట కూచునేవాడు, అప్పటికీ మనసు కుదరకపోతే ప్రయాణమే మానేసేవాడు. ఒకసారి బస్సు దగ్గర కండక్టరే అడిగాట్ట, ఎక్కడికండీ అని. పాపం, అడక్కపోతే టిక్కెట్టెలా కొడతాడు? ఈయన దిగి ఇంటికొచ్చేశాడు. సొంత బావమరిది పెళ్ళికి వెళ్ళలేదు! అప్పట్నుంచీ బస్సెక్కడం మానేసి ఒక డీజిలు కారు కొనుక్కున్నాడు. దానికి ఎవరికీ చెప్పక్కర్లేదు, తాళం తిప్పడం, పోవడం. డీజిలు అయిపోతే దారిలో బంకు.

ఊ కొడుతున్నారా? ఆ.

ఇలా ఉండగా రాజ్యానికి బదిలీ అయింది. కొత్త బడి నలభై అయిదు కిలోమీటర్లు. బస్సు చేరేసరికి పదిన్నర, బడి గంట తొమ్మిదిన్నరకి. రోజూ ఆలస్యం, రోజూ హెడ్‌మాస్టరు దగ్గర తల వంచుకోవడం. ఇంట్లోదా, డీజిలు కారు ముసలిదైపోయింది, పది రోజులు నడిస్తే ఇరవై రోజులు మెకానిక్కు దగ్గరే. మామగారు చెప్పేశాడు, ఉద్యోగం మానెయ్యమ్మాయ్, ఇంట్లో తిండికి లోటేముంది అని. రాజ్యం మానను అంది. గట్టిగా అనలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, మానను అంది అంతే. నాకు ఆ పిల్లంటే అందుకే ఇష్టం.

మర్నాడు కాగితం పెన్సిలు తీసుకుంది. రానూ పోనూ తొంభై కిలోమీటర్లు. పెట్రోలు కారయితే నెలకి పదమూడు వేలు తాగేస్తుంది. కరెంటు కారయితే ఇంట్లో మీటరు తిరిగేది రెండున్నర వేలే. కొనేటప్పుడు మాత్రం నాలుగు లక్షలు ఎక్కువ పొయ్యాలి. ఆ ఎక్కువ మూడున్నరేళ్ళలో తిరిగొచ్చేస్తుంది, ఆ పైన లాభమే అని మామగారికి చూపించింది. ఆయన కాగితం తిరగేసి పట్టుకుని చూసి, పేపరు మీద బాగానే నడుస్తుంది, రోడ్డు మీద నడవొద్దూ అన్నాట్ట.

నడవకపోతే అప్పుడడగండి అందిట రాజ్యం. అయితే షరతు అన్నాడాయన. మూడు నెలలు గడువు. ఈ మూడు నెలల్లో ఒక్కటంటే ఒక్క రోజు ఆ కారు నిన్ను వేళకి బడికి చేర్చకపోయినా, కారూ అమ్మెయ్యాలి, ఉద్యోగమూ మానెయ్యాలి. సీతారావమ్మ వంటింట్లోంచి వద్దన్నట్టు చెయ్యూపింది. రాజ్యం చూసి కూడా సరే అనేసింది.

కారొచ్చింది. తెల్లగా, బుల్లిగా. చప్పుడు లేదు! అదే వచ్చిన చిక్కు. చప్పుడు లేకుండా వచ్చే బండిని ఆ ఊరెప్పుడు చూసింది? గేదెలు పక్కకి జరగవు. రోడ్డు పక్క మడి గట్టు మీద చిట్టెయ్యనే ఒక తెలివైనవాడు కూచుని బీడీ కాల్చుకుంటుంటే, వెనకాలే వచ్చి ఆగింది. తిరిగి చూస్తే కారు. దెయ్యం బాబోయ్ అని మడిలోకి దూకాడు. ఆనక ఊరంతా తిరిగి, ఇంజను లేదు, పొగ లేదు, లోపల దెయ్యమే లాగుతోంది, నా కళ్ళతో చూశా అని చాటాడు. వాళ్ళూ వీళ్ళూ వచ్చి కారుకి వేపమండలు కట్టారు, ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు, నాలుగు నిమ్మకాయలు తొక్కించారు. రాజ్యం కట్టనిచ్చింది, తియ్యనిచ్చింది, తొక్కించింది. హారను మాత్రం ఎప్పుడూ కొడుతూ ఉండటం నేర్చుకుంది. వానలో ముట్టుకుంటే షాకు కొడుతుందని ఇంకొకడన్నాడు. వానలో నిలబడి, దాన్ని తుడిచి చూపించింది.

అసలు పని దెయ్యంతో కాదర్రా, ప్లగ్గుతో. ఎలక్ట్రీషియన్ని పిలిచి పెద్ద ప్లగ్గు వేయించింది, పెరట్లో గొయ్యి తవ్వి ఎర్తు వేయించింది. రాత్రి మనం పడుకున్నట్టే అదీ తీగ తగిలించుకుని పడుకోవాలి. పొద్దున్నకి కడుపు నిండేది, రెండు వందల కిలోమీటర్లకి సరిపడా. ఎప్పుడైనా సగం రాత్రి కరెంటు పోయినా, సగం కడుపుతోనే బడికి వెళ్ళి వచ్చేది. అయినా రాజ్యం ఊరుకోలేదు. బడి దారిలో సరిగ్గా ఇరవై రెండో కిలోమీటరు దగ్గర నూకాలమ్మని ఒకామె ఇడ్లీ హోటలు. దాని కరెంటు లైను వేరే ఊరిది. అక్కడాగి, అవసరమొస్తే నీ ప్లగ్గు వాడుకుంటా, డబ్బిస్తా అని మాట తీసుకుంది. అడపాదడపా ఆమెకి గోంగూర పచ్చడి పట్టుకెళ్ళేది. అవసరం రాకముందే చేసుకున్న స్నేహం అది.

నానీ, ఊ ఏదిరా? నిద్రా? లేదా. సరే.

ఒక నెల అయింది, వేళకి వెళ్ళింది. రెండో నెల అయింది, వేళకి వెళ్ళింది. మూడో నెలలో ఇక ఒక్క రోజు మిగిలింది. సోమవారం. మామూలు సోమవారం కాదు, పదో తరగతి పరీక్షలు మొదలయ్యేది ఆ రోజే. రాజ్యానికి డ్యూటీ, ఎనిమిదిన్నరకి అక్కడుండాలి. ఆ ముందు రోజు ఆదివారం. పానకాలయ్య తలపాగా చుట్టుకుని, కోడలి కారు తాళం అందుకుని బయల్దేరాడు. సీతారావమ్మ గుమ్మంలో నిలబడి, దూరమేనా అండీ అంది. అలా అడగొచ్చు, తప్పు లేదు. ఆయన ఊ అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆవిడ అడగడమూ అంతే, ఆయన అనడమూ అంతే. ఆ ఊకి అర్థం పక్క వీధో, పక్క జిల్లానో, ఆవిడకి ఏనాడూ తెలిసింది లేదు.

పోయాడు. ఎక్కడికి పోయాడు? ఎడ్ల సంతకి. సంతలో ఎవరు కనపడ్డారు? బావమరిది. బావమరిది ఏమన్నాడు? మనవరాలి ఓణీల ఫంక్షను, రమ్మన్నాడు. ఓణీల దగ్గర ఎవరు కనపడ్డారు? పాత స్నేహితుడు. స్నేహితుడు ఏమన్నాడు? రొయ్యల చెరువు తవ్వించా, చూడమన్నాడు. చెరువు దగ్గర ఏమిచ్చాడు? రెండు కిలోల రొయ్యలు. రొయ్యలు ఎవరికిష్టం? అక్కగారికి. అక్కగారు ఎక్కడ? అరవై కిలోమీటర్లు. పోనీ ఒంటరిగా వెళ్ళాడా? నలుగురు చుట్టాల్ని ఎక్కించుకుని, చల్లగాలి యంత్రం మొత్తం తిప్పి! దారిలో ఎర్ర దీపం వెలిగింది. డీజిలు కారులోనూ ఎప్పుడూ ఏదో ఒక దీపం వెలుగుతూనే ఉండేది గదా అనుకున్నాడు.

పొద్దు వాలేవేళకి కారు ఇంటి ముందుకొచ్చి ఆగింది. రాజ్యం చూస్తే కడుపు ఖాళీ. వెంటనే తీగ తగిలించింది. తగిలించి గంట కాలేదు, గాలీ వానా. ఎక్కడో చెట్టు పడి తీగ తెగింది, ఊరంతా కరెంటు పోయింది. మళ్ళీ రాలేదు.

తెల్లారుజామున లేచి చూసుకుంది. ఇరవై ఎనిమిది కిలోమీటర్లకే ఉంది. బడి నలభై అయిదు. పానకాలయ్య అరుగు మీద కూచుని ఉన్నాడు, రాత్రంతా పడుకోలేదు పాపం. షరతూ లేదు ఏమీ లేదమ్మాయ్, ఆటో పిలుస్తా, నాది తప్పు అన్నాడు. రాజ్యం ఒప్పుకోలేదు.

"షరతు పెట్టింది మీరే, ఒప్పుకుంది నేనే మామయ్యగారూ. కారులోనే వెళ్తా. వేళకే వెళ్తా."

అయితే నేనూ వస్తానని ఆయన గొడుగు పుచ్చుకుని ఎక్కి కూచున్నాడు. అయిదింటికి బయల్దేరారు. కిటికీలు దించేశారు, చల్లగాలి యంత్రం లేదు, పాట లేదు. గతుకులు చూసుకుని, మెల్లగా, మెల్లగా. పానకాలయ్య కారు తెర మీద మిగిలిన కిలోమీటర్ల అంకె కేసే చూస్తూ ఊపిరి బిగబట్టాట్ట, తను గట్టిగా గాలి పీలిస్తే ఒక కిలోమీటరు తగ్గిపోతుందేమో అన్నట్టు. ఇరవై, పదిహేను, పది, ఏడు. నూకాలమ్మ హోటలు! ముందే ఫోను చేసింది గనక ఆమె తీగ బయటికి లాగి ఉంచింది. తగిలించారు. గంటా నలభై అయిదు నిముషాలు కూచున్నారు. ఆయన ఇడ్లీ ముట్టుకోలేదు. రాజ్యం మాత్రం నాలుగు తినేసింది, డ్యూటీకి ఖాళీ కడుపుతో ఎందుకెళ్తుంది?

ఏడున్నరయింది. దారికి సరిపడా నిండింది, ఇంకాస్త మిగిలేట్టే ఉంది. తీగ తీశారు, ఎక్కారు, తలుపులేసుకున్నారు. అంతలో నూకాలమ్మ, ఏమీ తెలీని మనిషి, కిటికీ దగ్గరికొచ్చి, నవ్వుతూ అడిగేసింది గదా!

"ఎక్కడికి పెద్దాయనా ఇంత పొద్దున్నే?"

అయిపోయింది! రాజ్యం చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. ఇప్పుడీయన దిగుతాడు, చెప్పులు విప్పుతాడు, కాళ్ళు కడుక్కుంటాడు, అరగంట కూచుంటాడు. అరగంట పోతే ఉద్యోగం పోయింది. పానకాలయ్య చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది కూడా. కోడలి మొహం చూశాడు. ఆ పిల్ల దిగొద్దని బతిమాలలేదు, ముందుకే చూస్తోంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ ప్రశ్నకి జవాబు చెప్పాడు.

"బడికమ్మా. మా కోడలికి పరీక్ష డ్యూటీ. ఇంకా ఇరవై మూడు కిలోమీటర్లుంది. పోనీ అమ్మాయ్."

పోనిచ్చింది. ఎనిమిదీ ఇరవైకి బడి గేటు దగ్గర ఆగారు. లోపల పరీక్ష పిల్లలు చెట్ల కింద పుస్తకాలు తిప్పుకుంటున్నారు. రాజ్యం దిగి, చీర సవరించుకుని, సంచి భుజాన వేసుకుని నడిచిపోయింది. పానకాలయ్య గేటు బయట నిలబడి, హెడ్‌మాస్టరు ఆవిడకి నమస్కారం పెట్టడం చూశాడు. తన కోడలికి అంతమంది మధ్య ఎవరైనా నమస్కారం పెట్టగా ఆయన ఎప్పుడూ చూడలేదు. కళ్ళు తుడుచుకున్నాట్ట. తుడుచుకోడూ మరి!

కారుని బడి ప్లగ్గుకే తగిలించి నింపుకుని, సాయంత్రం ఇంటికొచ్చాక ఆయనే అన్నాడు, నువ్వు గెలిచావు, ఏం కావాలో కోరుకో అని. నగలడగలేదు, చీరలడగలేదు. మామయ్యగారూ, ఎక్కడికని మిమ్మల్ని ఎప్పుడూ అడగను, బయల్దేరేటప్పుడు ఎంత దూరమో మాత్రం చెప్పండి, ఈ కారుకి ఆ ఒక్క ముక్క చాలు అంది. ఆయన తల ఊపాడు. ఆ పై ఆదివారం తాళం అందుకుంటే, సీతారావమ్మ అలవాటుగా దూరమేనా అండీ అంది. యాభై ఆరు కిలోమీటర్లు, రానూ పోనూ, చీకటి పడేలోపు వచ్చేస్తా అన్నాడు. ఆవిడ నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయి, లోపలికెళ్ళి ఆయన పేర కూడా బియ్యం కొలిచి, ఆనందానికి ఏడ్చుకుందిట. నలభై ఏళ్ళుగా ఆయన వస్తాడో రాడో తెలీకుండా అన్నం వండిన మనిషి.

మరి తిరపతికో? తిరపతికి రైలెక్కారు, కారులో కాదు. దారిలో చార్జరు పని చేస్తుందో చెయ్యదో, చేసినా మన ముందు నలుగురు ఉంటారో, ఆ పాట్లు రాజ్యానికి తెలుసు. అన్ని పనులూ ఒక్క కారుతోనే అవ్వాలని ఆ పిల్ల ఎప్పుడూ అనలేదు. రోజూ బడికి వెళ్ళాలంది, వెళ్ళింది. ఇప్పటికీ వెళ్తోంది. ఆ ఏడాది ఆమె దగ్గర చదివిన పిల్లలు లెక్కల్లో ఒక్కరూ తప్పలేదు.

అందుకని రేపు మీ నాన్న మళ్ళీ కంచం ముందు కొందామా వద్దా మొదలుపెడితే, మీరిద్దరూ ఒకటే అడగండి. నాన్నా, రోజుకి ఎంత దూరం వెళ్తావు, రాత్రికి దాన్ని ఎక్కడ పడుకోబెడతావు అని. అవి రెండూ తెలిసినవాడికి అది లాభం, తెలీనివాడికి గుదిబండ. నాలుగు నెలలు మాట్లాడాడు, ఒక్కసారి కిలోమీటర్లు లెక్క పెట్టుకున్నాడేమో అడగండి. నేను చెప్పానని చెప్పండి, నాకేం భయం? అల్లుడైతే మాత్రం!

ఊ ఏదర్రా? ఆవలింతా? సరే అయితే. కథేమో కంచికి బయల్దేరింది, మనమేమో దుప్పట్లోకి. దీపం తియ్యండి.